పెద్దవారి చేతుల్లో కాలానికో కాగితపు పువ్వు: తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు ఇళ్ళలోనూ, పెద్దవాళ్ళు మధ్యాహ్నం పూట కలిసి కూర్చునే చోట్లలోనూ కాగితపు పూలు మడవడం మొదలుపెట్టగానే అవే సందేహాలు తిరిగి తిరిగి వస్తున్నాయి. అడిగేవారు ఎక్కువగా కూతుళ్ళు, కోడళ్ళు, మనవలు. అప్పుడప్పుడు ఆ పెద్దవాళ్ళే. వారు అడిగిన మాటల్లోనే ప్రశ్నలను ఇక్కడ పెట్టాను. ఏ ప్రశ్న దగ్గరైనా మొదలుపెట్టి చదవవచ్చు.

## మొదలుపెట్టే ముందు

మా నాయనమ్మకు 78 ఏళ్ళు. ఇప్పుడు కొత్తగా ఇది నేర్చుకోగలదా?

నేర్చుకోగలదు. అసలు ఆమెకు ఇది పూర్తిగా కొత్త పనేనా అన్నది ముందు చూడండి. మోదుగ ఆకులతో విస్తళ్ళు కుట్టిన చేయి, కిరాణా కొట్టులో పొట్లాలు కట్టిన చేయి, ఏటేటా బతుకమ్మ పేర్చిన చేయి మడతను త్వరగా పట్టుకుంటాయి. నాలుగైదు మడతల్లో అయిపోయే పువ్వుతో మొదలుపెడితే మొదటి రోజే చేతిలో ఒక పువ్వు ఉంటుంది. వయసు కన్నా వేళ్ళ కదలిక, చూపు ముఖ్యం. ఆ రెండింటినీ చూసి కాగితం సైజు నిర్ణయించుకోండి.

ఇది చిన్నపిల్లల ఆట కదా, అమ్మ చిన్నబుచ్చుకోదా?

మీరు ఇచ్చే తీరును బట్టి ఉంటుంది. కార్టూను బొమ్మల కాగితాలు, ముద్దుముద్దు మాటలు, ప్రతి మడతకూ చప్పట్లు ఉంటే ఎవరైనా చిన్నబుచ్చుకుంటారు. "అమ్మా, తంగేడు పువ్వుకు రేకులు ఎన్ని? ఇది సరిగ్గా వచ్చిందా చూడు" అని అడిగితే సంగతి వేరు. పువ్వు గురించి ఆమెకు తెలిసినంత మనకు తెలియదు. మడత మనం చూపిద్దాం, పువ్వు ఆకారం ఆమె చెబుతుంది. ఈ పని సాగేది ఆ ఒప్పందం మీదే.

నాన్న "ఇది ఆడవాళ్ళ పని" అని లేచి వెళ్ళిపోతున్నారు. ఏం చేయాలి?

బలవంతపెట్టకండి. కొలతల పని అప్పగించి చూడండి: స్కేలు, పెన్సిలు, కాగితాల కట్ట ముందు పెట్టి, "ఇవన్నీ సమంగా చదరాలు చేయాలి" అనండి. దర్జీ పని, మగ్గం పని, వడ్రంగం చేసినవారు అంగుళం తేడా వస్తే ఊరుకోరు. చదరాలు చేస్తూ చేస్తూ మడతలోకి వచ్చేవారు ఉంటారు. రాకపోయినా నష్టం లేదు, చక్కగా తెగిన చదరాలు మిగులుతాయి.

ఒరిగామి అంటే జపాన్ పూలే చేయాలా?

అక్కర్లేదు. ఒరిగామి అంటే కాగితాన్ని మడిచి ఆకారాలు చేసే కళ. అది జపాన్‌లో పెరిగింది, మడత పద్ధతులు చాలావరకు అక్కడివే. కానీ లిల్లీ, ఐరిస్, చెర్రీ పూలను దేవరకొండలోనో వనపర్తిలోనో ఉన్న పెద్దావిడ చూసి ఉండకపోవచ్చు. చూడని పువ్వును మడిస్తే అది సరిగ్గా వచ్చిందో లేదో ఆమెకు ఎలా తెలుస్తుంది? పద్ధతి అక్కడిది తీసుకుని పువ్వు మాత్రం మన చేలగట్ల మీదిది, మన చెరువుది ఎంచుకోండి. ఐదు రేకుల జపాన్ మడత తంగేడుకు అతికినట్టు సరిపోతుంది.

రోజుకు ఎంతసేపు, ఏ వేళ కూర్చోవాలి?

అరగంట నుంచి నలభై నిమిషాలు చాలు. ఉదయం లేచిన వెంటనే వద్దు, కీళ్ళు బిగుసుకుని ఉంటాయి. భోజనం చేసి కాస్త నడుము వాల్చి లేచాక, టీకి ముందు, మంచి వేళ. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం మధ్యాహ్నం ఎండకు ఇంట్లో కూడా చేతులు చెమటపట్టి కాగితం మెత్తబడుతుంది. ఆ రెండు నెలలు ఉదయం పదిలోపు ముగించండి.

## కాగితం, సామాను

ఏ కాగితం కొనాలి? ఒరిగామి కాగితం మా ఊళ్ళో దొరకదు.

జిరాక్స్ కొట్లలో దొరికే రంగుల ఏ4 కాగితం అన్నిటికన్నా మేలు. 70 నుంచి 80 జీఎస్‌ఎం (చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో) ఉంటుంది, మడత నిలుస్తుంది, నాలుగైదు సార్లు విప్పి మడిచినా చిరగదు. చార్టు కాగితం మందం ఎక్కువ. వేళ్ళలో బలం లేనివారికి అది శిక్ష. గాలిపటాల కాగితం పలచన, వణికే చేతుల్లో చిరుగుతుంది. బంతి పువ్వు లాంటి వాటికి క్రేప్ కాగితం, అంటే ముడతలుగా ఉండి సాగే పలచని కాగితం, బాగుంటుంది. మెరుపు కాగితం చూడటానికి బాగున్నా జారుతుంది, ట్యూబులైటు కింద కళ్ళకు కొడుతుంది. దాన్ని నేను తీసుకోను.

ఒక వైపు రంగు, మరో వైపు తెలుపు ఉన్న కాగితం దొరికితే వదలకండి. ఏ వైపు పైకి ఉండాలో చెప్పడం సులువు అవుతుంది.

సైజు ఎంత ఉండాలి?

బజారులో అమ్మే ఒరిగామి కాగితం సాధారణంగా 15 సెంటీమీటర్ల చదరం. పెద్దవారికి అది మొదట్లో చిన్నదే. ఏ4 నుంచి వచ్చే 21 సెంటీమీటర్ల చదరంతో మొదలుపెట్టి, చేయి తిరిగాక తగ్గించండి. 10 సెంటీమీటర్ల కన్నా చిన్న కాగితం చూడముచ్చటగా ఉంటుంది కానీ వేళ్ళకు, కళ్ళకు వట్టి శ్రమ.

ఏ4 కాగితాన్ని కత్తెర లేకుండా చదరం చేయడం ఎలా?

కాగితాన్ని నిలువుగా పెట్టండి. పైనున్న పొట్టి అంచును పక్కనున్న పొడుగు అంచు మీదికి తెచ్చి ఏటవాలుగా మడవండి. త్రికోణం ఏర్పడి కింద ఒక పట్టీ మిగులుతుంది. ఆ పట్టీ మొదలయ్యే చోట అటూ ఇటూ రెండు మూడు సార్లు గట్టిగా మడిచి, తడి గుడ్డను ఆ గీత మీద ఒకసారి లాగండి. నెమ్మదిగా చింపితే గీత వెంటే తెగుతుంది. 21 సెంటీమీటర్ల చదరం, 8.7 సెంటీమీటర్ల వెడల్పున్న పట్టీ వస్తాయి. పట్టీని పారేయకండి, మామిడాకులకు పనికొస్తుంది.

వేలికి ఉమ్మి అంటించుకుని కాగితం తిప్పే అలవాటు చాలామందికి ఉంటుంది. చవక రంగు కాగితాలతో అది మంచిది కాదు. తడి స్పాంజి ముక్క ఒక మూతలో పెట్టి దగ్గర ఉంచండి.

పాత పెండ్లి పత్రికలు, క్యాలెండర్లు, దినపత్రికలు పనికొస్తాయా?

దినపత్రిక అభ్యాసానికి బాగుంటుంది, అయితే సిరా చేతికంటుతుంది. క్యాలెండరు కాగితం తామర మొగ్గకు సరిపోతుంది. పెండ్లి పత్రికల అట్ట మడతకు లొంగదు. దేవుడి బొమ్మలున్న క్యాలెండరు కాగితాన్ని మడవడానికి, చింపడానికి పెద్దవాళ్ళు ఇష్టపడరు, అడగకుండా ఇవ్వకండి.

ఏ జిగురు వాడాలి?

ఫెవికాల్ లాంటి తెల్ల జిగురు చాలు. సీసా నొక్కడం కష్టమైతే చిన్న మూతలో పోసి అగ్గిపుల్లతో అద్దించండి. తుమ్మ బంకను రాత్రి నీళ్ళలో నానబెట్టి పొద్దున వాడటం పెద్దవాళ్ళకు తెలిసిన పనే, కాగితానికి బాగా పడుతుంది. మైదా ఉడికించిన జిగురు కూడా పడుతుంది కానీ ఆ పూలను దాచాలనుకుంటే వద్దు, పురుగులు చేరతాయి.

ఫ్యాను వేస్తే కాగితాలు ఎగిరిపోతున్నాయి, ఆపితే ఉక్క. ఏం చేయాలి?

ఒక్కో మనిషి ముందు నాలుగు అచ్చనగాయల రాళ్ళు పెట్టండి. కాగితాలను అంచులున్న పళ్ళెంలో ఉంచండి. ఫ్యాను తిరగనివ్వండి.

## మడత దగ్గర వచ్చే చిక్కులు

మడత తిన్నగా రావడం లేదు. మూలలు కలవడం లేదు.

కాగితాన్ని గాల్లో పట్టుకుని మడుస్తున్నారేమో చూడండి. ఒరిగామి బల్ల మీద చేసే పని. ముందు మూలలు కలిపి ఒక చేత్తో అదిమి పట్టాలి, రెండో చేయి మడత మధ్య నుంచి అంచులకు జారాలి. గీత గట్టిపడటానికి గోరు వాడితే వేలు నొప్పి పుడుతుంది. చెంచా వీపు, దువ్వెన వీపు, ఐస్‌క్రీం పుల్ల ఏదైనా సరిపోతుంది. ఇంత చేసినా అరసెంటీమీటరు తేడా వస్తే రానివ్వండి. చేలో పూసిన ఏ తంగేడు పువ్వు రేకులూ కొలిచినట్టు ఉండవు.

ఫోనులో చూపించే బొమ్మల్లో గీతలు, చుక్కలు, బాణాలు అర్థం కావడం లేదు.

అది ప్రపంచమంతా వాడే గుర్తుల భాష. జపాన్ కళాకారుడు అకిరా యోషిజావా (1911–2005) రూపొందించిన పద్ధతి దానికి మూలం. చిన్న చిన్న గీతల వరుస ఉంటే కాగితాన్ని మీ వైపు, అంటే లోపలికి, మడవాలి. గీత, చుక్క, గీత, చుక్క ఉంటే వెనక్కి మడవాలి. బాణం కాగితం వెళ్ళే దారిని చూపిస్తుంది. పెద్దవారికి ఈ గుర్తులు నేర్పాల్సిన పని లేదు. మీరు నేర్చుకుని, ప్రతి దశనూ ఒక కాగితం మీద చేసి, వరుసగా అట్టకు అంటించి ముందు పెట్టండి. తాకి చూసుకునే నమూనా వీడియో కన్నా బాగా అర్థమవుతుంది. వీడియోనే కావాలంటే వేగం సగానికి తగ్గించండి.

అన్నిటికన్నా సులువైన మొదటి పువ్వు ఏది?

తామర మొగ్గ. మూడే మడతలు. గులాబీ రంగు చదరాన్ని మూలకు మూల కలిపి త్రికోణం చేయండి. మొన పైకి, పొడుగు అంచు కిందికి ఉండాలి. కింది అంచు నడుమ వేలు పెట్టి, అక్కడి నుంచి కుడి మూలను పైకి మడవండి. దాని కొస పైమొనను తాకకూడదు, దానికి రెండు వేళ్ళ దూరంలో కుడివైపు నిలవాలి. ఎడమ మూలను అలాగే ఎడమవైపు మడవండి. తిప్పి చూస్తే మూడు మొనల మొగ్గ. చీపురు పుల్లకు అంటిస్తే కాడ కూడా అమరుతుంది.

## కాలాన్ని బట్టి పూలు

బతుకమ్మ రోజులకు తంగేడు పువ్వు కాగితంతో ఎలా చేయాలి?

తంగేడు తెలంగాణ రాష్ట్ర పుష్పం. అయిదు పసుపుపచ్చ రేకులు. ఒక రేకుకు ఒక చదరం. 21 సెంటీమీటర్ల చదరాన్ని నాలుగు చేస్తే 10.5 సెంటీమీటర్ల ముక్కలు వస్తాయి. రెండు ఏ4 కాగితాలకు ఎనిమిది ముక్కలు. అయిదు పువ్వుకు, మూడు చెడిపోయే వాటికి.

ఒక్కో రేకు ఇలా:

ముక్కను త్రికోణంగా మడిచి మొన పైకి పెట్టండి. కింది రెండు మూలలనూ పైమొన దాకా తెచ్చి మడిస్తే నిలబెట్టిన చదరంలా కనిపిస్తుంది, నడుమ నిలువు గీత ఉంటుంది. ఆ గీత దగ్గరున్న ఎడమ అంచును తీసి ఎడమవైపు కింది అంచు మీదికి మడవండి. కొస కొంచెం బయటికి పొడుచుకొస్తుంది, దాన్ని లోపలికి తిప్పేయండి. కుడివైపూ అంతే. ఇప్పుడు పక్కలకు వచ్చిన రెండు రెక్కల ముఖాలకు జిగురు రాసి, కాగితాన్ని గుండ్రంగా వంచి ఒకదానికొకటి అంటించండి. కింద సన్నగా, పైన తెరుచుకున్న రేకు తయారు. జిగురు పట్టేదాకా బట్టల క్లిప్పు పెట్టండి.

అయిదు రేకుల సన్న మొనలు నడుమ కలిసేలా అంటిస్తే పువ్వు. నడుమ గోధుమరంగు దారపు పోగులు నాలుగు పెడితే పెద్దవాళ్ళు ఒప్పుకుంటారు, లేకపోతే "ఇది తంగేడు కాదు" అంటారు. జపాన్ పద్ధతిలో రెక్కలను తెరిచి చదును చేసే మడత ఇంకొకటి ఉంది. నేను దాన్ని వదిలేస్తాను, అందరూ ఆగిపోయేది అక్కడే.

ఒకే కూర్చోవడంలో పువ్వు పూర్తి చేయాలని పట్టుబట్టకండి. ఒక రోజు రేకులు, మరో రోజు అంటించడం. మహాలయ అమావాస్య నాటి ఎంగిలిపూల బతుకమ్మకు పూలు కావాలంటే మూడు వారాల ముందు మొదలుపెట్టడం మంచిది.

గునుగు పువ్వు మడతతో వస్తుందా?

అచ్చంగా మడతతో రాదు, చుట్టాలి. తెల్ల క్రేప్ కాగితాన్ని రెండు వేళ్ళ వెడల్పు పట్టీగా తీసి, పొడుగునా సగానికి మడిచి, మడత వైపు అంచును గోటితో కొద్దికొద్దిగా ముడతలు పెట్టండి. చీపురు పుల్ల చివర జిగురు రాసి, మీద నుంచి కిందికి ఏటవాలుగా చుట్టుకుంటూ రండి. కొసకు గులాబీ రంగు కాస్త అద్దితే సరి. కత్తెర పట్టలేనివారికి ఇది మంచి పని.

కాగితపు పూలతోనే బతుకమ్మ పేర్చవచ్చా?

ఇంట్లో అలంకారానికి, మంచం దిగలేని పెద్దావిడ ముందు పెట్టడానికి పేర్చవచ్చు. తాంబాలంలో అట్ట డబ్బాను గోపురంలా పెట్టి దాని చుట్టూ వరుసలుగా అంటిస్తే నిలుస్తుంది. ఏ వరుస తర్వాత ఏ రంగు రావాలో ఆమెనే చెప్పనివ్వండి. చెరువులో వేసే బతుకమ్మకు మాత్రం వద్దు. గునుగు, తంగేడు నీళ్ళలో కలిసిపోతాయి. రంగు కాగితం, జిగురు, మెరుపు పొడి అలా పోవు. ఇది నా అభిప్రాయం మాత్రమే కాదు, అడిగిన ప్రతి ముసలమ్మా అదే అంది. గునుగు ఈమధ్య దొరకడం లేదనే మాట నిజమే, అది చేలలో కలుపు మొక్క, మందు కొడితే పోతుంది. అయినా గుప్పెడు అసలు పూలు చిన్న బతుకమ్మకు చాలు.

విచ్చుకున్న తామర పువ్వు చేయాలి. సులువైన దారి ఉందా?

హోటళ్ళలో వాడే పెద్ద టిష్యూ చదరం, 30 సెంటీమీటర్లది, తీసుకోండి. నాలుగు మూలలనూ నడిమికి మడవండి. వచ్చిన చిన్న చదరపు నాలుగు మూలలను మళ్ళీ నడిమికి మడవండి. తిరగేసి మరోసారి నాలుగు మూలలనూ నడిమికి తేండి. ఇప్పుడు నడుమ చిన్న గ్లాసు బోర్లించి అదిమి పెట్టండి. ఒక్కో మూల కిందికి వేలు పోనిచ్చి, అడుగున ఉన్న పొరను మూల మీదుగా పైకి లాగండి: నాలుగు రేకులు లేస్తాయి. వాటి సందుల్లో అడుగున మిగిలిన పొరలను లాగితే మరో నాలుగు.

లాగడం దగ్గర టిష్యూ చిరుగుతుందనే భయం ఉంటుంది. మొదటిసారి చేతిరుమాలుతో చేయించండి. గుడ్డ చిరగదు, దారి తెలుస్తుంది.

సంక్రాంతికి బంతి పూలు కావాలి. ఎలా?

నారింజ రంగు క్రేప్ కాగితం ఆరు పొరలు, ఒక్కోటి 12 × 18 సెంటీమీటర్లు. ఒకదాని మీద ఒకటి పేర్చి, 18 సెంటీమీటర్ల వైపు నుంచి చీర కుచ్చిళ్ళు పోసినట్టు వేలెడు వెడల్పున ముందుకూ వెనక్కూ మడవండి. నడుమ దారంతో బిగించి కట్టండి. రెండు కొసలనూ గుండ్రంగా కత్తిరించండి. ఇప్పుడు ఒక్కో పొరను నడిమి వైపు లేపాలి. అసలు ఓపిక అక్కడ కావాలి. పైపొర మొదట, మెల్లగా, కట్టిన చోటికి దగ్గరగా పట్టుకుని. కొసలను గుండ్రంగా కాకుండా కోసుగా కత్తిరించి, పసుపు కాగితం వాడితే చామంతి. ఒక్క పద్ధతికి రెండు పూలు కాబట్టి డిసెంబరు, జనవరి నెలలు దీనితోనే గడిచిపోతాయి.

హోళీకి ముందు మోదుగ పూలు చేయాలని మా అత్తయ్య అడుగుతున్నారు.

అత్తయ్య గారికి నమస్కారం, నాకు ఇష్టమైన పువ్వు అదే. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆకు రాలిన కొమ్మల నిండా పూస్తుంది, కాబట్టి ఇక్కడ ఆకులు చేసే పని లేదు. ఎండిన కొమ్మ ఒకటి తెచ్చి సీసాలో నిలబెట్టండి.

కాషాయం రంగు 10 సెంటీమీటర్ల చదరానికి మూల నుంచి మూలకు ఒక గీత మడిచి విప్పండి. ఒక మూల దగ్గరి రెండు పక్క అంచులను ఆ గీత మీదికి మడిస్తే గాలిపటం ఆకారం వస్తుంది. గీత వెంట సగానికి మూసేయండి. సన్నని కొసను ఒక పక్కకు కొంచెం వంచండి. మోదుగ రేకుకు ఉండే వంకర వచ్చేస్తుంది. వెడల్పు వైపు ముదురు గోధుమరంగు కాగితం ముక్క చుట్టండి, మోదుగ తొడిమ నల్లగా మఖమల్‌లా ఉంటుంది కదా. కొమ్మ మీద రెండు మూడు చొప్పున గుత్తులుగా అంటించండి. పువ్వుకు ఐదు నిమిషాలు పట్టదు, తప్పు వచ్చినా గుత్తిలో కలిసిపోతుంది. వణికే చేతులకు ఇంతకన్నా మంచి పువ్వు నాకు కనిపించలేదు.

ఉగాదికి వేప పువ్వు, వేసవికి మల్లెలు?

రెండూ వద్దు. అంత చిన్న మడతలు పెద్దవారి వేళ్ళకు పరీక్ష. ఉగాదికి మామిడాకుల తోరణం చేయండి: 21 × 8.7 సెంటీమీటర్ల ఆకుపచ్చ పట్టీని పొడుగునా సగానికి మడిచి విప్పి, రెండు చివర్ల మూలలను నడిమి గీత మీదికి మడిస్తే ఆకు. పైకొసను దారం మీదుగా వంచి అంటించాలి. మల్లెలు అసలువే తెచ్చి మాల కట్టించండి.

## వేళ్ళు, చూపు, మతిమరుపు

కీళ్ళనొప్పులున్నాయి. మడతల వల్ల ఎక్కువవుతాయా?

నొప్పి పుట్టేదాకా చేస్తే ఎక్కువవుతుంది. మొదలుపెట్టే ముందు చేతులు గోరువెచ్చని నీళ్ళలో కాసేపు ఉంచితే వేళ్ళు కదులుతాయి. చిటికెతో పట్టుకునే పని తగ్గించి అరచేతితో అదిమే పని పెంచండి. పది నిమిషాలకోసారి చేతులు విదిలించమనండి. కీళ్ళు వాచి ఎర్రగా ఉన్న రోజు పని ఆపి, రంగులు ఎంచే బాధ్యత ఇవ్వండి.

మా తాతయ్యకు మెడ, వెన్ను వంగవు. బల్ల మీదికి చూడలేరు.

నల్లగొండ జిల్లాలో, ముఖ్యంగా మర్రిగూడ, మునుగోడు వైపు, ఏళ్ళ తరబడి ఫ్లోరైడ్ నీళ్ళు తాగి ఇలా బిగుసుకుపోయిన పెద్దవాళ్ళు ఉన్నారు. మెడ కిందికి రాదు కాబట్టి పనే పైకి రావాలి. కుర్చీలో కూర్చోబెట్టి, ఒడిలో రెండు దిండ్లు వేసి, వాటి మీద పరీక్ష అట్టను ఏటవాలుగా ఆనించండి. కాగితం ఛాతీ ఎత్తుకు రావాలి, మోచేతులకు ఆధారం ఉండాలి. జారకుండా అట్ట మీద తడిపి పిండిన గుడ్డ పరచండి. చేతులు ఎత్తి ఉంచితే త్వరగా అలుపొస్తుంది, పావుగంట చాలు.

పక్షవాతం వచ్చి ఒక చేయే పనిచేస్తుంది.

ఒక చేత్తో మోదుగ, తామర మొగ్గ రెండూ వస్తాయి. కాగితం ఒక అంచును బల్లకు టేపుతో అంటించండి లేదా బరువైన రాయి పెట్టండి. పనిచేయని చేతిని కూడా బల్ల మీదే, కాగితం పక్కన ఉంచండి. ఫిజియోథెరపిస్టు ఉంటే వారిని అడిగి ఆ చేతికి కూడా ఏదైనా చిన్న పని, కాగితం మీద ఆనించి ఉంచడం లాంటిది, ఇవ్వవచ్చు.

చూపు సరిగ్గా ఆనదు. ఏ రంగులు ఇవ్వాలి?

బల్లకూ కాగితానికీ తేడా కొట్టొచ్చినట్టు ఉండాలి. పసుపు కాగితం తెల్ల బల్ల మీద కనిపించదు; ముదురు రంగు దుప్పటి పరిస్తే కనిపిస్తుంది. శుక్లాలున్న కళ్ళకు నీలం, నలుపు ఒకటిగా తోచవచ్చు. వెలుతురు వెనక నుంచో పక్క నుంచో పడాలి, ఎదురుగా కిటికీ ఉండకూడదు. మడత గీతను వేలితో తడుముకునే అలవాటు చేయండి, చూపు కన్నా అది నమ్మదగినది.

మతిమరుపు జబ్బు ఉన్న అమ్మ రెండో మడతకే మొదటిది మరిచిపోతోంది.

మొత్తం పువ్వు నేర్పకండి. ఒకే మడత ఆమెది, మిగిలినవి మీవి. త్రికోణం మడవడం ఆమె పని అయితే ఇరవై త్రికోణాలు మడవనివ్వండి. మాటలు తగ్గించి పక్కన కూర్చుని మీరూ అదే చేయండి. చేయి చూసి చేయి కదులుతుంది. విషయాలు మరిచిపోయినా చేతికి అలవాటైన పనులు చాలాకాలం నిలుస్తాయి. "నిన్న చేశావు కదా, గుర్తులేదా" అని మాత్రం అడగవద్దు. ఇది జబ్బును తగ్గిస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి, ఆ గంట హాయిగా గడుస్తుంది, అదే లాభం. జిగురు, కత్తెర, చిన్న పూసలు ఆమెకు అందేంత దూరంలో ఉంచవద్దు.

షుగరు ఉంది. జాగ్రత్త ఏమైనా కావాలా?

కాగితం అంచు వేలిని కోసినా స్పర్శ తగ్గినవారికి తెలియకపోవచ్చు. పని అయ్యాక వేళ్ళు ఒకసారి చూడండి. కోసుకుంటే సబ్బుతో కడిగి పట్టీ వేయండి.

## నలుగురితో కలిసి

ఎంతమందిని ఒకేసారి కూర్చోబెట్టవచ్చు?

నలుగురికి ఒకరు చొప్పున చూపేవారు ఉండాలి. ఎనిమిది మంది దాటితే వెనకవారికి వినపడదు. గుండ్రంగా కాకుండా అందరూ ఒకే వైపు తిరిగి కూర్చుంటే మేలు. ఎదురుగా ఉన్నవారికి కుడి ఎడమలు తారుమారై కనిపిస్తాయి.

ఒకరు పది చేసే లోపు ఇంకొకరు ఒకటి చేస్తారు. ఎలా నడపాలి?

పనిని పంచండి. వేగం ఉన్నవారు రేకులు, నెమ్మదివారు అంటించడం, చేయి సహకరించనివారు రంగుల వరుస, కబుర్లు. ఎవరు ఎన్ని చేశారని లెక్కపెట్టి చెప్పకండి, పోటీలు అసలే వద్దు.

అమ్మ వంకరగా మడిచిన రేకులను రాత్రి నేను సరిచేసి పెట్టవచ్చా?

వద్దు. ఆమెకు తెలిసిపోతుంది.

## పూలు తయారయ్యాక

దేవుడి దగ్గర పెట్టవచ్చా?

పటాలకు అలంకారంగా పెట్టేవారు ఉన్నారు, పూజకు అసలు పూలే వాడేవారూ ఉన్నారు. ఇంటి ఆచారం ఇంటిది. దీపం, అగరుబత్తి, కర్పూరం పెట్టే చోటికి మాత్రం కాగితం ఒక మూరెడు దూరంలోనైనా ఉండాలి. క్రేప్ కాగితం చప్పున అంటుకుంటుంది.

ఎన్నాళ్ళు నిలుస్తాయి?

నేరుగా ఎండ పడితే కొన్ని వారాల్లో రంగు వెలుస్తుంది. వానాకాలం తేమకు మడతలు సడలుతాయి. అట్టపెట్టెలో ఎండిన వేపాకు వేసి, అటక మీద కాకుండా ఎలుకలు చేరని చోట ఉంచితే మరుసటి ఏడాదికీ ఉంటాయి. నా మట్టుకు నేను కాలం మారగానే పాతవి తీసేయమంటాను. దుమ్ము పట్టిన బంతి పూలు ఉగాది దాకా గుమ్మానికి వేలాడటం బాగుండదు.

అమ్ముకోవచ్చా?

అమ్మవచ్చు. అయితే ఆర్డరు వచ్చిందంటే లెక్క, గడువు వస్తాయి, అరగంట పని మూడు గంటలవుతుంది. పెద్దవారు తామే కోరితేనే ఆ దారి పట్టండి.

మా అబ్బాయి దూరదేశంలో ఉన్నాడు. పోస్టులో పంపితే నలగవా?

చదునుగా ఉండే తామర మొగ్గ, మోదుగ, మామిడాకు మామూలు కవరులో వెళ్తాయి. వెనక ఒక అట్టముక్క పెట్టండి. తంగేడును అంటించకుండా రేకులుగా పంపి, అంటించే పద్ధతి నాలుగు ముక్కలు రాసి పెడితే అక్కడి మనవలు పూర్తి చేస్తారు. బంతిని పొరలు లేపకుండా, కట్టిన కట్టగానే పంపండి, అందాక విప్పుకుంటారు. టిష్యూ తామర ప్రయాణానికి ఆగదు, దాన్ని ఫొటో తీసి పంపండి.